ఉదయం ఆరున్నర తూకం

చిరంజీవి సౌభాగ్యవతి మా గుప్పెడుకి,

మీ అన్నయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే ఎంతమందిమని, నేనూ మీ వదినా, ఇద్దరమూ క్షేమమే. అక్కడ నువ్వూ బావగారూ ఎలా ఉన్నారో, నీ కాళ్ళ వాపు తగ్గిందో లేదో రాయండి. నీకు ఓపిక లేకపోతే నువ్వు చెబుతుంటే బావగారు రాస్తారు. ఆయన చేతిరాత మందులచీటీలాగే ఉంటుంది, అయినా కూడబలుక్కుని చదువుకుంటాను.

నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది. అప్పుడు నేను కొట్లో ఒక కూరగాయలావిడ కాటా బాగుచేద్దామని విప్పుకుని కూర్చున్నాను. చేతుల నిండా గ్రీజు. ముట్టుకుంటే ఉత్తరానికి మరకలవుతాయని దాన్ని బల్ల మీదే ఉంచి, అరగంటసేపు దానికేసి చూస్తూ పని చేశాను. తర్వాత రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని చదివాను. చదివి, మళ్ళీ చదివి, విప్పిన కాటా విప్పినట్టే వదిలేశాను. మర్నాడు ఆ కూరగాయలావిడ వచ్చి నన్ను నాలుగు మాటలంది. పడ్డాను.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి ముందు జవాబు రాస్తాను. నాలుగోదానికి కాస్త ఓపిక పట్టు. తప్పించుకోవడానికి కాదు, అది రాయాలంటే ముందు నాకు కొంచెం ధైర్యం కూడాలి.

మొదటిది, మీ వదిన మోకాలు. బ్రహ్మాండంగా ఉంది. పొద్దున్నే నాతోపాటు నడవడానికి వస్తోంది కదా, మొదట్లో వీధి మలుపు దాకా వచ్చి ఎవరి మెట్ల మీదో కూలబడేది. ఇప్పుడు నాకంటే ముందు వెళ్ళి వంతెన మీద నిలబడి, నేను రొప్పుకుంటూ వస్తుంటే గడియారం చూసుకుంటోంది. తిండి తగ్గించింది నేను, చెమటలు కక్కుతున్నది నేను, బాగుపడింది ఆవిడ మోకాలు. మొన్న పక్కింటావిడ మీ వదినని చూసి, ఏం చేస్తున్నారండీ ఇంత నాజూకయ్యారు అని అడిగిందట. నన్ను చూసి మాత్రం, ఒంట్లో బాగుండటం లేదా అంది.

రెండోది, కడుపు మాడ్చుకుంటున్నానా అని. లేదమ్మా. మీ వదిన నా కంచం మార్చేసింది, అంతే. అటక మీద వెతికి నీ చిన్నప్పటి కంచం దించింది. అంచు ఒకవైపు సొట్టపోయి ఉంటుందే, నువ్వు అలిగి మెట్ల మీంచి విసిరేసిన కంచం. దాంట్లో ఎంత నింపినా నా పాత కంచంలో సగమే వస్తుంది. అందులోనూ నీ కంచమాయె, చాలలేదని గొణగడానికి నోరు రాదు. ఉడికించిన కూరలు, ఒక్క గరిటెడు అన్నం, సాయంత్రం చక్కెర లేని టీ. సాయంత్రం నాలుగింటికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. కొట్టు ఎదురుగా బేకరీ ఉంది చూడు, ఆ వేళకి వాళ్ళు రొట్టెలు పొయ్యిలోంచి తీస్తారు. ఆ వాసన రోడ్డు దాటి వచ్చి నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. షట్టరు సగం దించుకుని, వాసన పోయేదాకా ముక్కు మూసుకుని పని చేస్తాను.

నా తిండి గురించి నువ్వు దిగులు పడుతుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. రెండు నెలల కిందట పెద్ద డాక్టరుగారు నా స్కాన్ ఫిల్ము వెలుగుకి పెట్టి చూపించిన రోజు నువ్వూ ఆ గదిలోనే ఉన్నావు. బావగారి రక్తం నీకు కలవలేదు, నాది కలిసింది. కాలేయంలో ముక్క కోసి ఇస్తే నీలోనూ పెరుగుతుంది, నాలోనూ పెరుగుతుందని ఆయన చెబితే, అదేదో ఇంట్లో పిండి అప్పిచ్చినంత తేలిగ్గా ఒప్పేసుకున్నాను. అప్పుడాయన అన్నారు కదా, మీ రక్తం బాగుంది, మీ మనసు బాగుంది, మీ కాలేయానికే కొవ్వు పట్టింది, మీకే బాగాలేనిదాన్ని మీ చెల్లెలికి ఎలా పెట్టను అని. ఎనభై అయిదు నుంచి డెబ్బై ఆరు కిలోలకి దిగి రండి, మళ్ళీ స్కాన్ చేద్దామన్నారు. నువ్వు నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళినప్పుడు నేనాయన్ని, తను ఎన్నాళ్ళు ఆగగలదండీ అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ సంగతి నీకు ఇదివరకు రాయలేదు.

ఆ సాయంత్రం నేను బయల్దేరుతుంటే నువ్వు ఆస్పత్రి పక్కన తీసుకున్న ఆ గది గుమ్మంలో నిలబడి ఒక మాట అన్నావు. "నువ్వు వచ్చి వెళ్ళిపోవడం నాకొద్దన్నయ్యా. వస్తే ఉండిపోయేటట్టు రా." అంతే, లోపలికి వెళ్ళిపోయావు. నేను మళ్ళీ రాకపోవడానికి ఆ మాటే కారణం. రెండుసార్లు టికెట్ కొనడానికి స్టేషన్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఊరికే చూసి పోదామని మనసు పీకుతుంది, నీ మాట చెవిలో ఉంటుంది.

ఫోనులూ నువ్వే వద్దన్నావు. ఫోన్లో నువ్వు బాగున్నానంటావు, నేను బాగున్నానంటాను, ఇద్దరం అబద్ధాలాడి పెట్టేస్తాం. ఉత్తరం రాయి, ఉత్తరంలో అబద్ధం రాస్తే నీ చేతిరాత నాకు చెప్పేస్తుంది అన్నావు. రోజూ పొద్దున్న ఆరున్నరకి నువ్వక్కడ, నేనిక్కడ ఒకేసారి కాటా ఎక్కుదామని పెట్టిందీ నువ్వే. నీకు పొట్టలో నీరు చేరుతోందో లేదో చూడటానికి నర్సమ్మ రోజూ బరువు రాసుకోమంది, నాకు డాక్టరుగారు తగ్గమన్నారు, ఇద్దరికీ పని ఒకటే కదా అని. అందుకే నీ గదిలో పెట్టిన ఆ చిన్న కాటా నా చేత్తో సరిచూసి ఇచ్చాను. నా సంగతి తెలుసుగా, నేను కొట్లో ఉన్న పెద్ద కాటా ఎక్కుతాను, అది చీటీ అచ్చేసి ఇస్తుంది, వారానికి ఏడు చీటీలు ఉత్తరంలో పెట్టి పంపుతాను. ఆరు ఇరవై అయిదుకే కొట్టు తాళం తీసి, చెప్పులు విప్పి, గోడగడియారం పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చేదాకా నిలబడతాను. రోజు మొత్తంలో నీతో కలిసి చేసే పని అదొక్కటే. ఆ ఒక్క నిమిషం నువ్వు పక్కనున్నట్టే ఉంటుంది. తర్వాత రోజంతా పెద్ద వెలితి.

మూడోది, కొట్టు తలుపు మీద నాన్న రాసిన అంకెలు ఉన్నాయా, రంగు వేయించేశావా అని. ఉన్నాయి. తలుపు బయటివైపు రెండుసార్లు రంగు వేయించాను, లోపలివైపు ముట్టుకోనివ్వలేదు. ప్రతి నెలా మొదటి తారీకున నాన్న నిన్ను కాటా ఎక్కించి పెన్సిలుతో రాసేవారు. పదహారు, పదహారున్నర, పదిహేడు. ఏడేళ్ళ పిల్లవి గుప్పెడంత ఉండేదానివి, నీకు ఆ పేరు అందుకే. సంతలో కాటాలు సరిచూసే పనికి నాన్నతో సైకిలు మీద వెళ్ళాలని నీకు ఒకటే యావ. ఈ రాయంత బరువైన రోజు తీసుకెళ్తానని ఆయన ఇరవై కిలోల రాయి చూపించారు. మనం రాయి అంటాం గానీ అది ఇనుమే కదా. ఇక నువ్వు ఆ రాయితో పంతం పట్టావు. ఒకసారి మూడు చెంబుల నీళ్ళు గటగటా తాగి వచ్చి కాటా ఎక్కితే, నాన్న ముల్లు చూసి, ఇవాళ నీళ్ళని తూచానమ్మా, నిన్ను కాదు అన్నారు. నువ్వు ముక్కు ఎర్రగా చేసుకుని దిగిపోయావు. ఎలాగో చివరికి ఒకరోజు ముల్లు ఇరవై మీద నిలిచింది. తలుపు మీద ఆ అంకె ఇప్పటికీ ఉంది, చుట్టూ సున్నా చుట్టి ఉంది. నువ్వు సైకిలు మీద వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపుతూ వెళ్ళడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఆ రోజు సంగతి ఇంకొకటుంది, చివర్లో చెబుతాను.

ఇప్పుడు నాలుగోదానికి వస్తున్నాను.

మొదటి అయిదు వారాల చీటీలు నీ దగ్గరున్నాయి. ఎలా ఉన్నాయో నువ్వే చూశావు. ఒకరోజు నాలుగు వందల గ్రాములు తగ్గాను, మర్నాడు ఏడు వందలు పెరిగాను. తిన్నది అంతే, నడిచింది అంతే. నాకు ముందు కాటా మీదే అనుమానం వచ్చింది, బతుకంతా అదే పని కదా. ఇరవై కిలోల రాయి పెట్టి చూశాను. ఇరవై చూపించింది. మర్నాడు పెట్టాను, ఇరవై. వాన పడ్డ రోజు, ఎండ కాసిన రోజు, ఇరవై అంటే ఇరవై. కాటా మంచిదే, నిలకడ లేనిది నాకే. అప్పట్నుంచి పిచ్చి పట్టినట్టు అన్నీ తూచడం మొదలుపెట్టాను. ఒక గ్లాసు నీళ్ళు తాగకముందు, తాగాక. చొక్కాతో, చొక్కా లేకుండా. ఒకరోజు క్షవరం చేయించుకోకముందు, చేయించుకున్నాక. ఆ జుట్టు కాటాకి ఆనలేదు. మీ వదిన గుమ్మంలో నిలబడి, బుర్ర కూడా ఒకసారి తీసి తూచుకోండి, పెద్ద తేడా రాదు అంది.

అయినా అయిదో వారం చివరికి డెబ్బై తొమ్మిది కిలోల నాలుగు వందలకి దిగాను. నువ్వు ఎంత సంబరపడ్డావో నీ ఉత్తరంలో అక్షరాలే చెప్పాయి. ఆ ఉత్తరం అడుగున మాత్రం ఒక ముక్క రాశావు. "నీ అంకె పెరిగిన రోజు నాకు ముద్ద దిగదన్నయ్యా. నువ్వు అటెటో నడిచి వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది." దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను.

ఆరో వారంలో రెండు సంగతులు జరిగాయి. బడి మైదానంలో పొద్దున్నే కసరత్తు చేయించే డ్రిల్లు మాస్టారు, వట్టి నడక చాలదు, కండలకి పని చెప్పాలని నా చేత ఇసుక సంచులు ఎత్తించడం మొదలుపెట్టారు. ఒళ్ళు హూనమైపోయింది. రెండోది, ఆస్పత్రిలో మన ఫైలు చూసే మేడమ్ ఫోన్ చేసి ఆపరేషన్ ఫారం మొత్తం చదివి వినిపించింది. కత్తి ఎక్కడ పెడతారు, ఎన్ని గంటలు పడుతుంది, తర్వాత ఏమేం రావచ్చు. ఇచ్చేవారి ప్రాణానికి ప్రమాదం చాలా తక్కువ, కానీ లేదని మాత్రం చెప్పలేమండీ అంది. సరేనండీ, సరేనండీ అంటూనే ఉన్నాను. ఫోన్ పెట్టాక స్క్రూడ్రైవరు పక్కన పడేసి, ఆ పూట ఇక పని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న కాటా ఎక్కితే అంకె పెరిగింది. గుండె గుభేలుమంది, అది నిజమే. కానీ ఆ గుభేలు కింద ఇంకొకటుంది, దాన్ని ఇన్నాళ్ళూ మీ వదినకి కూడా చెప్పలేదు. అయితే ఇంకొన్నాళ్ళు టైముంది అనిపించింది నాకు. ఊపిరి పీల్చుకున్నాను. నీకు ప్రాణం మీదికొచ్చి ఉన్న వేళ, నీతో కలిసి ఎక్కిన కాటా మీద నిలబడి, నేను ఊపిరి పీల్చుకున్నాను గుప్పెడూ. ఆ సాయంత్రం నాలుగింటికి షట్టరు దించలేదు. రోడ్డు దాటి వెళ్ళి ఉప్పు రొట్టెలు రెండు తిన్నాను, ఇంకేవో వేయించినవీ తిన్నాను. మర్నాడూ వెళ్ళాను. మూడో రోజూ వెళ్ళాను. నాలుగో రోజు పొద్దున్న కాటా ఎనభై ఒకటి కిలోల రెండు వందలు చూపించింది. మూడు రోజుల్లో సుమారు రెండు కిలోలు. ఆ అంకె నా కళ్ళకి బరువులా కనబడలేదు, నా పిరికితనాన్ని ఎవరో తూచి అచ్చేసి చేతిలో పెట్టినట్టనిపించింది. దాన్ని నీకెలా పంపను?

పంపలేదు. ఆ చీటీ, అంతకుముందు పెరిగినవీ చింపేశాను. కాటా అడుగున నా చేత్తో నేనే వేసిన సీలు ఉంటుంది, దాన్ని తెంపి, లోపల మీట తిప్పి, డెబ్బై తొమ్మిది కిలోల మూడు వందలు చూపించేదాకా సర్ది, అప్పుడు ఎక్కి వాటికి బదులు చీటీలు తీశాను. మర్నాడు ఇంకో వంద గ్రాములు తగ్గించాను. ఆ మర్నాడు ఇంకో రెండు వందలు. మూడు వారాలు, రోజూ. కసరత్తు మానలేదు, ఆ మూడు రోజుల తర్వాత మళ్ళీ బేకరీ గడప తొక్కలేదు, అది మాత్రం నమ్ము. కానీ పొద్దున్నే కాటాని నాక్కావలసిన అంకెకి సర్దుకోవడం అలవాటైపోయింది. చేతిరాతతో అబద్ధమాడితే నువ్వు పట్టేస్తావని మెషిన్ చేత అచ్చేయించాను. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఒక్క కాటాకైనా పావు గ్రాము తేడా రానివ్వని మనిషిని.

నువ్వు ఆ చీటీలు తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపిస్తావని అనుకోలేదు. చూపించావు. డెబ్బై ఆరుకి వచ్చేశారుగా, ఈ సోమవారం కాక పై సోమవారం స్కాన్‌కి రమ్మనండి అని ఆయన అన్నారని మొన్నటి ఉత్తరంలో రాశావు. దాని కిందే నీ నాలుగో ప్రశ్న ఉంది.

"అన్నయ్యా, మొదటి అయిదు వారాల చీటీలూ నా బరువులాగే పైకీ కిందికీ ఊగాయి. తర్వాతి మూడు వారాలవీ మెట్లు దిగినట్టు వరసగా దిగాయి. ఒక్కరోజు కూడా పెరగలేదు. మొన్న నాకు రెండు రోజుల్లో కిలోన్నర పెరిగితే నర్సమ్మ, అది నువ్వు కాదమ్మా, నీరు అంది. బతికున్న ఒళ్ళు ఏదీ అలా మెట్లలా దిగదట. నువ్వు ఆ కాటాకి రాయి పెట్టి చూశావా?"

ఇదీ నీ ప్రశ్న. జవాబు ఇది. లేదు. మూడు వారాలుగా రాయి పెట్టలేదు. పెట్టే ధైర్యం లేకపోయింది.

గురువారం నీ ఉత్తరం చదివాక పెట్టాను. పంతొమ్మిది కిలోల ఏడు వందలు చూపించింది. నాన్న వాడిన రాయి, దాని మీద ఆయన వేళ్ళ నునుపు ఇంకా ఉంది, అదెక్కడ తగ్గుతుంది? నీకు తప్పు అంకెలు పంపానన్నదే కాదు, నా అసలు బరువు ఎంతో నాకే తెలియకుండా పోయింది. కాటా మళ్ళీ సరిచేసి, రాయి ఇరవై చూపించాక కొత్త సీలు వేశాను.

ఈ కవరులో అయిదు చీటీలున్నాయి, ఒక్కోదానికి జతగా రాయి పెట్టి తీసిన చీటీ ఉంది. శుక్రవారం డెబ్బై ఏడు. శనివారం డెబ్బై ఏడు కిలోల నాలుగు వందలు. ఆదివారం డెబ్బై ఆరు కిలోల ఏడు వందలు, సోమవారం అదే డెబ్బై ఆరు మీద తొమ్మిది వందలు, ఇవాళ, మంగళవారం, అయిదు వందలు. డ్రిల్లు మాస్టారికి అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "మూడు రోజుల్లో రెండు కిలోల కొవ్వు పట్టాలంటే నువ్వు ఆ బేకరీ గోడలు కూడా తినాలయ్యా" అన్నారు. కొత్త కసరత్తుకి కండలు వాచి నీరు పట్టాయట, తిన్న ఉప్పుకి ఇంకాస్త నీరు నిలిచిందట, నాలుగు రోజులు ఆగి ఉంటే దానంతట అదే దిగిపోయేదట. రోజు అంకె చూసి బెంగపెట్టుకోకు, వారం మొత్తం కూడి ఏడుతో భాగించి చూసుకో అన్నారు. నాకు ఏడు లేవు, అయిదే ఉన్నాయి. అయిదూ కూడి భాగిస్తే డెబ్బై ఆరు కిలోల తొమ్మిది వందలు వచ్చింది. నీకు పంపిన అబద్ధానికీ దీనికీ తేడా తొమ్మిది వందల గ్రాములు. మూడు చెంబుల నీళ్ళు కూడా కాదు. నీరు పెరిగితే అది నా పాపమనుకుని ఇంత పని చేశాను.

అలా అని నా భయం కూడా నీరేనని చెప్పను. అది ఉంది. శుక్రవారం పొద్దున్నే, ఏ వేళకైనా చెయ్యమన్న ఆస్పత్రి మేడమ్‌కి ఫోన్ చేసి చీటీలు తప్పని చెప్పాను. చీటీలు మేం లెక్కలోకే తీసుకోమండీ, పై సోమవారం ఇక్కడి కాటా, ఇక్కడి స్కాన్, అవేం చెబితే అదే అంది. తర్వాత గొంతు తగ్గించి, మీకు భయంగా ఉందా అని అడిగింది. నేను ఏదైనా అనేలోపే ఆవిడే అంది. "మీకు వద్దనిపిస్తే చెప్పండి. మీ కాలేయం పనికిరాలేదని మేమే మీవాళ్ళకి చెబుతాం. అసలు కారణం ఎవరికీ ఎప్పటికీ తెలియదు."

నాకు ఎంత తేలికైన దారి చూపించిందో చూడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కాసేపు నేను ఆ దారి వైపే చూశాను, నీ దగ్గర దాచను. అంతలో గోడగడియారం కేసి చూశాను, ఆరూ ఇరవై ఎనిమిది. నువ్వు అక్కడ కుర్చీ పట్టుకుని లేస్తూ ఉంటావు. వాచిన పాదాలు ఒకటొకటిగా కాటా మీద పెడుతూ ఉంటావు. అన్నయ్య కూడా ఇప్పుడే ఎక్కుతున్నాడనుకుంటావు. అప్పుడు నాకు అసలు తప్పేమిటో తెలిసింది. నేను మార్చింది అంకె ఒక్కటే కాదు. మూడు వారాలుగా ఆ ఆరున్నరకి నేను నీతో లేను, మీట తిప్పుకుంటూ ఉన్నాను. నువ్వు ఒక్కదానివే ఎక్కావు. "పై సోమవారం వస్తానండీ" అని ఫోన్ పెట్టేసి, చెప్పులు విప్పి ఎక్కాను. శుక్రవారం చీటీ అదే. వెనక్కి తిప్పి చూడు, మూల నీటి మరక ఉంటుంది. అదేం నీరో నీకు చెప్పక్కర్లేదు.

నీకు ఫోన్ చేసి చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నీ గొంతు వినగానే బాగున్నానని అనేస్తానని నాకు తెలుసు.

ఇక నీ ఇరవై కిలోల రోజు సంగతి. ఆ రోజు నీ బరువు పద్దెనిమిదిన్నర. నువ్వు ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకుని నిలబడితే, నేను వెనకనుంచి కాటా అంచు మీద కాలి బొటనవేలు పెట్టి నొక్కాను. ముల్లు ఇరవైకి వెళ్ళింది. నాన్న ముల్లు చూశారు, నా వేలు చూశారు, నీ ముఖం చూశారు. తలుపు మీద ఇరవై అని రాసి సున్నా చుట్టి, నిన్ను సైకిలు ఎక్కించుకున్నారు. సాయంత్రం తిరిగొచ్చాక నన్ను పక్కకి పిలిచి, "నీ బొటనవేలి బరువు కిలోన్నర. గుర్తు పెట్టుకో. ఇంకెప్పుడూ కాటా మీద పెట్టకు" అన్నారు. ఇన్నేళ్ళలో రెండేసార్లు తూకం తప్పు చేశాను చెల్లీ, రెండుసార్లూ ఈ కొట్లోనే. మొదటిసారి నిన్ను సైకిలెక్కించడానికి చేశాను. రెండోసారి నీకోసమే అని చెప్పుకున్నాను గానీ, సగం నాకోసమే.

శనివారం బండికి బయల్దేరుతున్నాను. ఆదివారం పొద్దున్న ఆరింటికి దిగుతాను. సోమవారం స్కాన్‌లో కొవ్వు తగ్గిందంటే సరే. ఇంకా ఉందంటే మీ వీధిలోనే నడుస్తాను, నీ గది ముందు నుంచే నడుస్తాను, తగ్గేదాకా నడుస్తాను. తిరిగి మాత్రం రాను. కొట్టు మూస్తున్నట్టు బోర్డు కట్టేశాను, కూరగాయలావిడ కాటా బాగుచేసి ఇచ్చేశాను. మీ వదిన నాలుగు రోజుల తర్వాత సామాను సర్దుకుని వస్తుంది. నీ సొట్ట కంచం నా సంచిలోనే ఉంది. భయం పోయాక వద్దామంటే అది ఎప్పటికి పోతుందో తెలియదు, అందుకని దాన్ని కూడా వెంటబెట్టుకునే వస్తున్నాను. నువ్వన్నావే, ఉండిపోయేటట్టు రమ్మని, అలాగే వస్తున్నాను.

బావగారిని స్టేషన్‌కి రానివ్వకు, ఆయన్ని నిద్రపోనివ్వు. దారి నాకు తెలుసు. ఆరున్నర లోపల నీ గదిలో ఉంటాను. ముందు నువ్వు ఎక్కు. నీ అంకె ఎంత వచ్చినా సరే, పెరిగితే అది నువ్వు కాదు, నీరు. తర్వాత నేను ఎక్కుతాను. అప్పుడు నువ్వు అంకె చూడకు, నా కాళ్ళ దగ్గర, బొటనవేళ్ళ మీదే చూస్తూ నిలబడు. చూడటానికి నాన్న లేరు. నువ్వే చూడాలి.

ఇట్లు,
ఆదివారం ఆరున్నరకి నీ పక్కన ఉండబోయే
మీ అన్నయ్య